గుంటల వరస

కామవరపుకోట మెరకలో ఆ బండను చూడగానే పోతురాజు మొహం విప్పారింది.

"సగం పని మా తాతలే చేసిపెట్టారండి," అన్నాడు ఓవర్సీరు చలపతిరావుతో.

బండ పొడవునా పదమూడు గుంటలు, తాడు పట్టి గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. రాయి చీల్చేవాళ్లు అలాగే గుంటలు తొలిచి, ఎండు కర్రచీలలు బిగించి నీళ్లు పోస్తారు. కర్ర ఉబ్బి రాయిని విడగొడుతుంది. గుంటల పక్కన బారెడు కొమ్ముల ఎద్దులు చెక్కి ఉన్నాయి.

"వానల కోసం మొక్కుకుని చెక్కారేమోనయ్యా," అన్నాడు చలపతిరావు.

"వామనగుంటలు ఆడుకున్నారేమోనండి!"

వానలకు ముందే కొల్లేటి గట్టుకు రాయి చేరాలి. ఓవర్సీరు బళ్ల కోసం వెళ్లాడు. పోతురాజు పన్నెండు గుంటలు లోతు చేసి చీలలు బిగించాడు.

"నీళ్లు పొయ్యవే ముత్యాలూ. ఉబ్బేసరికి పొద్దు వాలుద్ది," అని పెళ్లాంతో చెప్పి, అడుగు మట్టి తవ్వడానికి పల్లంవైపు నుంచి బండ కిందికి దిగాడు.

కుండెడు నీళ్లూ పోశాక ముత్యాలమ్మ ఎద్దుల్ని చూసింది. అన్నీ మెట్టవైపే పరుగెడుతున్నాయి. పల్లంవైపు ఒక్కటీ లేదు. చీల బిగించని పదమూడో గుంటలో వేలు పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఉలి గుంటలు ఎరిగిన వేలు. ఇందులో ఉలి గాటే లేదు. రాతితో నూరి నూరి ముంత అడుగులా నున్నగా చేసిన గుంట. చీల కోసం ఎవరూ ఇంత నూరరు. గుంటల మధ్య నాచు గోటితో గీకుతూ పోయింది. కింద వెంట్రుకంత పగులు, గుంట నుంచి గుంటకి, వరస పొడవునా. పల్లంవైపు ఉండొద్దని పాతకాలం వాళ్లు గుర్తు పెట్టారా?

"మావా, పైకి రా! ఇది మనోళ్ల వరస కాదు!"

"మరెవరిదే, మీ పుట్టింటోళ్లదా?" కిందనుంచి నవ్వు.

"నీకు దణ్ణం పెడతా, రా మావా!"

మొదటి చీల పట్టి లాగింది. రాలేదు. రెండోది, మూడోది. నీళ్లు తాగిన కర్ర రాతిని కరిచిపట్టుకుంది. బండ లోపలెక్కడో ఎండుపుల్ల విరిగినంత చప్పుడైంది.

పోతురాజూ విన్నాడు. నవ్వు ఆగింది. రెండు అంగల్లో బయటికి వచ్చాడు. మొహం మీద ఎండ పడింది. ముత్యాలమ్మ ఊపిరి పీల్చుకుంది.

"గునపం ఉండిపోయింది," అంటూ అతను మళ్లీ కిందికి వంగాడు.

బండ కదిలింది.