రెండో వేలు

"ఆడపిల్లలకు ఈ ఆట మీద ఆసక్తి లేదు మధులతా" అని మోయిజ్ ఫోన్‌లో అన్నప్పుడు నేను రోట్లో చింతకాయ తొక్కు నూరుతున్నాను. మోయిజ్ హైదరాబాద్‌లో మా టీమ్ లీడర్. నేను కొత్తగూడెంలో ఇంటి నుంచే పనిచేస్తాను. నా ఆఫీసంటే ఫ్రిజ్ పక్కనున్న మడతబల్ల. ఆ ఆట నేను తయారుచేసిందే. భద్రాచలం అవతలి అడవి ఊళ్ల బడుల్లో ఇద్దరు పిల్లలకు కలిపి ఒక ఫోను ఇస్తారు. తెర మీద ఒక తాడు, అటొకరు, ఇటొకరు. లెక్కకు సరైన జవాబు ఎవరు ముందు నొక్కితే తాడు వాళ్ల వైపు జరుగుతుంది. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి జంటగా ఆడాలని పట్టుబట్టింది నేనే. ఇప్పుడు చాలా ఫోన్ల నుంచి వచ్చిన వివరాల్లో అమ్మాయిల వైపు నొక్కినట్టే లేదట. "ఇద్దరాట తీసేద్దాం. ఒక్కరు ఆడేలా మార్చు. ఆడపిల్లలు ఆసక్తి చూపలేదని రాసి సాయంత్రానికి రిపోర్టు పంపు" అన్నాడు.

ఆసక్తి లేదు! ఈ మాట నాకు దగ్గరి చుట్టం. పెళ్లయిన కొత్తలో మా ఆయన హరిప్రసాద్ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు: "మా మధుకు తిరుగుడు గిట్ల ఇంట్రెస్ట్ ఉండదు. ఇల్లే లోకం." నన్నెవరు అడిగారని? పొద్దున టిఫిన్లు, బట్టలు, మామయ్యకు మందులు, ఆ తర్వాత మీటింగు. మీటింగు మధ్యలో గ్యాస్ బండ వచ్చిందని కేక. "ఇంట్లనే ఉంటవు గద" అని ఆయన షాపు బిల్లులు కూడా నా నెత్తినే. కాళ్లు ఖాళీగా ఉంటే కదా తిరగాలన్న ఆసక్తి బయటపడేది! అందుకే ఆ పిల్లల మీద ఆ మాట పడేసరికి నాకు ఒళ్లు మండింది. నా రిపోర్టులో ఆ వాక్యం ఉంటే రేపు ఇంకో ఆట చేసేవాళ్లు కూడా అదే చదువుకుంటారు. అడవి ఊళ్ల ఆడపిల్లలకు లెక్కలు పట్టవు, వాళ్ల కోసం తిప్పలెందుకు అనుకుంటారు.

చేయి కడుక్కొని రాజ్యశ్రీకి ఫోన్ చేశాను. ఆమె అక్కడి బడిలో టీచరు.

"ఆసక్తి లేకపోవుడేంది మేడం! నొక్కి నొక్కి వేళ్లు నొస్తున్నయంటరు. వాళ్ల దిక్కు తాడు కదలదు. ఇగ 'మాకు రాదు టీచర్' అనుకుంట ఫోను మగ పిల్లగాండ్లకే ఇచ్చి పోతున్నరు."

మాకు రాదట! ఆ పిల్లలు తప్పు తమదే అనుకుంటున్నారు.

"చార్జింగ్ ఎక్కుతలేవని మూడు ఫోన్లు మీ షాపుకే పంపిన గద మేడం, వాటిల చూడరాదుండ్రి" అంది రాజ్యశ్రీ.

నిజమే. బడి ఫోన్లన్నీ దాతలు ఇచ్చిన పాతవి. పగిలిన టచ్ అద్దాలు మార్చి వాటిని బాగుచేసి ఇచ్చింది మా ఆయన సెల్ షాపే. షాపు మా ఇంటి ముందు గదిలోనే ఉంది. చార్జింగు బాగుచేసి పెట్టిన ఆ మూడు ఫోన్లూ తెచ్చుకుని, వేలు పెట్టినచోట చుక్క కనబడేలా సెట్టింగు మార్చి, అత్తమ్మను పిలిచాను.

"నీ పనిల నాకేం తెలుసే?" అంటూనే ఆమె కొంగుకు చేయి తుడుచుకుంది.

"వేలు పెట్టుండ్రి అత్తమ్మా, చాలు."

మొదటి ఫోను తెరకు ఒక చివర నేను నొక్కి పట్టాను, రెండో చివర ఆమె. నా వేలి దగ్గర చుక్క ఉంది. ఆమె వేలి దగ్గర లేదు.

"నేను నొక్కుతనే ఉన్న గదనే! నాది కనబడ్తలేదేంది?" అని ఆమె గోరు తెల్లబడేదాకా అదిమింది. నేను వేలు తీసి, ఆమెను మళ్లీ పెట్టమన్నాను. అప్పుడు ఆమె చుక్క వచ్చింది. రెండో ఫోనులో ఇద్దరి చుక్కలూ వచ్చాయి కానీ వేళ్లు కాస్త దగ్గరికి జరిపితే ఒకటైపోయాయి. మూడోది బాగానే ఉంది. మూడు ఫోన్లు, మూడు తీర్లు. ఎన్ని వేళ్లు గుర్తుపడతావని ప్రోగ్రాంలో అడిగితే మాత్రం మూడూ తడుముకోకుండా ఐదు అంటాయి. అది కంపెనీలో తయారైననాటి లెక్క. తర్వాత మార్చిన అద్దం సంగతి ఫోనుకు తెలియదు. "మా ఇంట్ల ఏదైనా ఇద్దరం అనుకునే చేస్తం" అని మా ఆయన చుట్టాలతో చెప్పడం కూడా ఇలాంటిదే. మొదటి ఫోనుకు ముందు పడ్డ వేలే వేలు. బడిలో ముందు పడే వేలు ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అన్నానికి వచ్చిన హరిప్రసాద్‌కు చూపిస్తే మొహం చిన్నబోయింది.

"ప్రతి అద్దం చెక్ జేసిన మధూ. పైనుంచి కిందిదాక వేలుతోని గీసి చూసిన."

"ఒక్క వేలుతో."

"రిపేర్ల ఎవడైనా గంతే చూస్తడు. ఇద్దరు కలిసి నొక్కుతరని ఎవడనుకుంటడు?"

ఆయన మోసం చేసే మనిషి కాదు. బజారులో అందరూ వేసే అద్దాలే వేశాడు. ఇంకో వేలు ఉంటుందన్న ఆలోచనే ఆయనకు రాలేదు. నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది.

మధ్యాహ్నం కూర్చొని ఆట మార్చాను. ఇక ఫోను చెప్పే మాట వినేది లేదు. ఆట మొదలయ్యే ముందు పిల్లలిద్దరినీ కలిసి వేళ్లు పెట్టమంటుంది, ఎన్ని చుక్కలు వచ్చాయో తనే చూసుకుంటుంది. రెండూ విడివిడిగా కనబడితే పాత పద్ధతే. లేదంటే వంతులవారీ ఆట. ఒకరి వంతు అయ్యేదాకా రెండోవారి వేలు పట్టించుకోదు. మూడు ఫోన్లలోనూ అత్తమ్మతో ఆడి చూశాను. మూడోసారి ఆమె నన్ను ఓడించి, "ఇంకోపాలి" అంది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చినా ఇద్దరం లేవలేదు.

సాయంత్రం రిపోర్టు రాస్తుంటే హరిప్రసాద్ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"షాపు ముచ్చట రాయకు మధూ. ఆట బాగైంది గద, ఇంకేంది? ఆడపిల్లలు ఇంట్రెస్ట్ చూపలేదని మీ సారే అన్నడు. గట్లనే ఉండనియ్. ఎవరికి నష్టం?"

"నొక్కిన పిల్లలకు."

"మన పేరు నువ్వే ఖరాబ్ జేస్తవా? నలుగురు నవ్వరా?"

నవ్వుతారు. కొన్నాళ్లు నవ్వి మర్చిపోతారు. ఆ పిల్లలు మాత్రం తమకు లెక్కలు రావని పెద్దయ్యేదాకా నమ్ముతారు. మోయిజ్ చెప్పిన వాక్యం చెరిపేసి రాశాను: 'ఆడపిల్లలు ఆడారు. వాళ్ల వేళ్లు గుర్తుపట్టని అద్దాలు వేసింది మా షాపు. మార్చి ఇచ్చే బాధ్యత కూడా మాదే. వాళ్లు నొక్కారని టీచరు పిల్లలకు చెప్పాలి.'

ముందు పంపాను. ఆ తర్వాతే ఆయనకు చదివి వినిపించాను.