తిడితేనే కదిలే మేస్త్రి

ఆ మేకపోతుకీ నాకూ ఒక్క క్షణం పడేది కాదు.

నేను గొర్రెల్ని మోసే ఓడలో వంటవాణ్ణి. వాడు అదే ఓడలో మేస్త్రి. ఆ పేరు నావికులు పెట్టింది. కూలీల్ని వెంటేసుకుని పనికి బయలుదేరే మేస్త్రికీ వాడికీ తేడా లేదు, గడ్డంతో సహా. గొర్రెని తోస్తే కదలదు, కొడితే మొండికేస్తుంది, ముందొకరు నడిస్తే మాత్రం ఎక్కడికైనా వస్తుంది. రేవులో ర్యాంపు కింద మందని నిలబెట్టి, మధ్యలో వీణ్ణి వదిలి, కాపరి పైనుంచి పిలిస్తే చాలు. తలెత్తుకుని దర్జాగా ఎక్కేవాడు. వెయ్యికి పైగా గొర్రెలు వాడి వెనకే బారులు తీరి ఎక్కేసేవి. దిగాల్సిన రేవులోనూ అంతే. అక్కడ కబేళా లారీలు వరసగా ఆగి ఉండేవి. గొర్రెలన్నీ లారీలెక్కాక వాడొక్కడే వెనక్కి తిరిగి ర్యాంపెక్కి, తిన్నగా నా వంటగది గుమ్మంలోకొచ్చి నిలబడేవాడు, జీతం అడగడానికొచ్చినట్టు.

వాడి జీతం ఉల్లిపాయ తొక్కలూ, బంగాళదుంప చెక్కులూ. నేను గిన్నె మూత మీద గరిటెతో కొట్టి, "ఒరేయ్ దొంగసచ్చినోడా! తిండిపోతు వెధవా! ఎక్కడ చచ్చావురా, రా!" అని అరిస్తే, ఏ మూలనున్నా పరుగెత్తుకొచ్చేవాడు. పిలవకపోయినా వచ్చేవాడు, అదే నా బాధ. నా తలగుడ్డ తినేశాడు. కెప్టెన్ కోసం దాచిన క్యాబేజీ తినేశాడు. మా ఆవిడ చలికాలమంతా కూర్చుని అల్లిచ్చిన మఫ్లరు సగం మింగి, మిగతా సగం మూతికి వేలాడేసుకుని నా ఎదురుగానే తీరిగ్గా నమిలాడు. వాడి మీదకి నేను విసిరిన గరిటెలన్నీ పోగేస్తే ఒక పెళ్ళి వంటకి సరిపోతాయి. ఒక్కటీ తగల్లేదు, అది వేరే సంగతి.

వాణ్ణీ గొర్రెల్నీ చూసుకునేది ముసలి కాపరి. ఓడలో అందరికీ ఆయన తాతే. ప్రతి రేవులో ర్యాంపు వేసే ముందు మేస్త్రి నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగేవాడు.

"ఏంటి తాతా, మంత్రమా?" అని ఓసారి అడిగాను.

"క్షమాపణ. వాడి చేత అబద్ధం ఆడిస్తున్నాను కదా."

"ఎవరికి చెప్పుకుంటున్నావ్?"

"ఎవరు వింటే వాళ్ళకి."

ముసలాడికి చాదస్తం ముదిరిందనుకున్నాను. నవ్వేసి, ఆ పూట వంటకి మాంసం కొట్టుకోవడానికి వెళ్ళిపోయాను. నేనేం మాంసం ముట్టని మనిషిని కాను.

పంపులు చూసుకునేది నా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. "తీసుకెళ్ళేది మీరే, క్షేమంగా తీసుకొచ్చేదీ మీరే" అని గుమ్మంలో నిలబెట్టి మరీ ఒట్టు వేయించుకుంది. మీసాలు నెరుస్తున్న మనిషికి నేను కాపలా అట! పైగా వాడికి రోజూ నా వంటకి వంకలు పెట్టనిదే ముద్ద దిగదు.

ఆ ప్రయాణంలో గాలి పొద్దున్నే లేచింది. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం ఆకాశం రంగులో, ఆకాశం సముద్రం రంగులో కలిసిపోయాయి. నేను గిన్నెలన్నీ తీగలతో కట్టేసి, పొయ్యి ఆర్పేసి, బల్ల కాలు పట్టుకుని కూర్చున్నాను. మేస్త్రి గుమ్మానికి అడ్డంగా పడుకుని కదలనన్నాడు. తంతానన్నా లేవలేదు.

అప్పుడు కుడి పక్కనుంచి ఒక అల కొట్టింది. అలాంటిది నేనెప్పుడూ వినలేదు. వినడమే, చూడ్డానికి టైమెక్కడ? గొర్రెల డెక్కు వంటగది ముందు నుంచే ఓడ పొడుగునా ఉంటుంది. రెండు పక్కలా ఇనుప కంచెల దొడ్లు, మధ్యలో దారి. ఆ కంచెలు పెళపెళమని విరిగాయి. కుడి పక్క గొర్రెలన్నీ జారుకుంటూ వెళ్ళి ఎడమ పక్క గొర్రెల మీద పడ్డాయి. ఓడ ఎడమ వైపుకి ఒరిగింది. మళ్ళీ లేస్తుందని చూశాను. లేవలేదు.

ఇద్దరు నావికులు తాతని మోసుకొచ్చి నా బల్ల మీద పడుకోబెట్టారు. విరిగిన కంచె కింద ఆయన కాలు నలిగిపోయింది, పక్కటెముకలు కూడా విరిగినట్టున్నాయి. మాట గుసగుసలా వస్తోంది. వాళ్ళ వెనకే కెప్టెన్ వచ్చాడు. మాటకి పన్ను కట్టాలేమో అన్నట్టుండే మనిషి.

"ఎడమ పక్క లైఫ్ బోటు కొట్టుకుపోయింది. కుడి పక్కది ఇంత వాలులో కిందికి దిగదు" అన్నాడు. "గొర్రెల్ని కుడి పక్కకి తోయమన్నాను. ఒక్కటీ కదలడం లేదు."

కింద నుంచి నా బావమరిది ఒళ్ళంతా నూనె పూసుకుని పాక్కుంటూ వచ్చాడు. "బావా, పంపు గాలి పీలుస్తోంది. లోపలికొచ్చిన నీళ్ళన్నీ ఎడమ పక్కకి చేరాయి, గొట్టానికి అందడం లేదు. ఓడ కాస్త నిటారుగా అయితే తోడేస్తాను. లేదంటే..." అని ఆగిపోయాడు. వంకలు పెట్టే నోరు అలా మూతపడటం నేనెప్పుడూ చూడలేదు. మా ఆవిడకి ఏం చెప్పాలి? చెప్పడానికి నేనైనా ఉంటేగా!

తాత నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "తోస్తే కదలవు. మేస్త్రిని కిందికి తీసుకెళ్ళి వాటి మధ్యలో వదులు. నువ్వు పైకొచ్చి పిలువు. వాడు నడిస్తే అవి నడుస్తాయి."

"నేనా? నేనంటేనే వాడికి పడదు తాతా! నువ్వు పిలిస్తే కదా వచ్చేది."

"నా గొంతు ఎక్కడుంది? ఈ హోరులో వినిపించేది నీ గొంతొక్కటే. రోజూ నీ పిలుపుకి రావడం లేదూ?"

"తొక్కల కోసం వస్తాడు!"

"నువ్వు అలాగే అనుకో. వెళ్ళు."

మేస్త్రి కొమ్ము పట్టుకుని లేపాను. ఎప్పుడు చెయ్యి వేసినా కుమ్మేవాడు, ఆ రోజు కుమ్మలేదు. వాడి పక్కటెముకల కింద గుండె దడదడలాడుతోంది. నా పరిస్థితీ అదే. గొర్రెల కాళ్ళు జారకుండా డెక్కు మీద కొట్టిన చెక్కపట్టీలుంటే, వాటి మీద మడమలు ఆనించుకుంటూ, ఒక చేత్తో కంచె ముక్కలు, ఇంకో చేత్తో వాణ్ణి పట్టుకుని ఆ వాలులో దిగాను. అడుగున నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. తడిసిన ఉన్ని వాసన, పేడ వాసన, ఒకదాని మీదొకటి ఎక్కి ఊపిరాడక నోళ్ళు తెరిచిన గొర్రెలు. అన్నేసి ఉండి కూడా ఒక్కటీ అరవడం లేదు.

వాణ్ణి వాటి మధ్యలో నిలబెట్టి చెయ్యి వదిలాను. నా వైపు చూశాడు. మేకపోతుకి నీళ్ళంటే ఎంత భయమో తెలుసా? వంటగదిలో బిందె ఒలికితే ఆ పూటంతా గడప తొక్కేవాడు కాదు. అలాంటివాడు పొట్ట దాకా నీళ్ళలో నిలబడి, నేనక్కడ వదిలేశాను కాబట్టి అక్కడే ఉన్నాడు. నేను వెనక్కి తిరగకుండా పైకి పాకాను.

విరిగిన కంచెల్ని తాళ్ళతో కట్టి, కుడి పక్క దొడ్ల గేట్లు తెరిచి నావికులు తయారుగా ఉన్నారు. నేను వంటగదిలోంచి గిన్నె మూత అందుకుని గరిటెతో కొట్టాను. "రా నాన్నా!" అని పిలిచాను. "రా బంగారం, మా అయ్య కదూ, రా తండ్రీ!"

వాడు కదల్లేదు.

"నా బుజ్జి కదూ! రా కన్నా!" గొంతు చించుకున్నాను. వాడి చెవులు కూడా ఆడలేదు. ఇంకో అల వచ్చి ఓడ ఇంకాస్త ఒరిగింది. నీళ్ళు వాడి వీపు మీదుగా పోయాయి. తల ఒక్కటే పైకి కనిపించింది.

"బావా!" నా వెనక నుంచి బావమరిది అరిచాడు. "ఆ ముద్దు మాటలు వాడెప్పుడు విన్నాడు? నువ్వెప్పుడూ పిలిచేలా పిలువు!"

భయమో, కోపమో, ఏడుపో నాకే తెలీదు, మొత్తం కలిసి నోట్లోంచి వచ్చేసింది. "ఒరేయ్ దొంగసచ్చినోడా! తిండిపోతు వెధవా! నా మఫ్లరు మింగిన గాడిదా! ఎక్కడ చచ్చావురా, రారా! నీ గడ్డం పీకి చేతిలో పెడతా, రా!"

చెవులు లేచాయి. తల విదిలించి, నీళ్ళు దులుపుకుని, ఒక కాలు పట్టీ మీద వేశాడు. జారాడు. మళ్ళీ వేశాడు.

నేను తిడుతూనే ఉన్నాను. జన్మలో అన్నేసి తిట్లు తిట్టలేదు. నాకు తెలిసినవన్నీ అయిపోతే మా నాన్న నన్ను తిట్టినవి తిట్టాను. వాడు నా కళ్ళలోకే చూస్తూ ఆ వాలెక్కుతున్నాడు. వాడి వెనక ఒక గొర్రె కదిలింది. దాని వెనక ఇంకోటి. గుంపులోంచి బారు ఒకటి విడివడి, ఒకదాని తోక వెనక ఒకటి, అడుగులో అడుగు వేసుకుంటూ పైకి రావడం మొదలైంది. తొయ్యడానికి అంతమంది మగాళ్ళ బలం చాలనిది, కొట్టడానికి కర్రలు చాలనిది, ఒక గడ్డం వెనక నడిచొస్తోంది. వాడు నా పక్కనుంచి దొడ్లోకి నడిచాడు. గొర్రెలు నా మోకాళ్ళు రాసుకుంటూ పోయాయి. ఒక్కదానికీ నేను అక్కర్లేదు, సముద్రం అక్కర్లేదు. ముందున్న దాని వెనక నడవడమొక్కటే వాటికి తెలుసు.

అప్పుడు నా కాళ్ళ కింద ఓడ కదిలింది.

ముందు భ్రమ అనుకున్నాను. తర్వాత మూత నా చేతిలోంచి జారి దొర్లింది, ఆ వాలుకి దొర్లాల్సిన దానికన్నా మెల్లగా దొర్లింది. ఓడ లేస్తోంది! ఇనుమూ, ఇంజనూ, మా అందరి ప్రాణాలూ కలిసి గొర్రె గొర్రెకీ కొంచెం కొంచెంగా పైకి లేస్తున్నాయి. నావికులు గేట్లు పట్టుకుని నోరు తెరుచుకు నిలబడిపోయారు. కెప్టెన్ టోపీ తీసేశాడు. ఎవరికి తీశాడో నేనడగలేదు. నాకు మోకాళ్ళ మీద పడాలనిపించింది, పడ్డాను కూడా. దేవుడికా, మేకపోతుకా అంటే ఆ క్షణంలో నాకు తేడా తెలియలేదు.

కింద పంపు గాలి పీల్చడం మాని నీళ్ళు మింగుతున్న చప్పుడు వినిపించింది. "అందింది బావా! నీళ్ళందాయి!" అని బావమరిది కేక పెట్టాడు.

రేవు చేరేదాకా మేస్త్రి నా గుమ్మంలోనే పడుకున్నాడు. తొక్కలు కాదు, ఉల్లిపాయలే పెట్టాను. తిని, నా కొత్త తలగుడ్డ కూడా తిన్నాడు. తిననీ అనుకున్నాను.

రేవులో ఎండ కాస్తోంది. ర్యాంపు వేశారు. కింద లారీలు వరసగా ఆగి ఉన్నాయి. తాత బల్ల మీద నుంచి లేవలేడు కాబట్టి, కింద నిలబడి పిలవాల్సింది నేనే. మేస్త్రి ర్యాంపు పైన నిలబడ్డాడు. వాడి వెనక మందంతా నిలబడింది, ఆ వాలులో నిలబడ్డట్టే, వాడి తోక వంక చూస్తూ.

తాత ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని ఎందుకు గొణిగాడో అప్పుడు అర్థమైంది. వాడు నన్ను నమ్మాడు. అవి వాణ్ణి నమ్మాయి. ఆ నమ్మకం మీదే మేమంతా బతికి ఉన్నాం. ఇప్పుడు అదే పిలుపుతో వాటిని లారీలెక్కించాలి.

"పిలవవేం?" అన్నాడు కెప్టెన్.

మూత మీద ఒక్క దెబ్బ కొట్టాను. "రా నాన్నా" అన్నాను. "రా బంగారం."

వాడు కదల్లేదు. చెవులూ ఆడలేదు. వాడి వెనక ఒక్క గొర్రె కూడా అడుగు వెయ్యలేదు.

"రా తండ్రీ, రా కన్నా" అని మళ్ళీ పిలిచాను, ఎంత ముద్దుగా పిలవాలో అంత ముద్దుగా. పక్కన బావమరిది కళ్ళు పెద్దవి చేసి నన్ను చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు.

కెప్టెన్ నా దగ్గరికొచ్చాడు. "వంటాయనా, నీ పిలుపు ఎలా ఉంటుందో నాకు తెలీదనుకున్నావా? ఆ రోజు ఓడంతా విన్నాం."

నేను తలొంచుకున్నాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆయన రేవు కూలీల వైపు తిరిగి, "మేకపోతుకి ఒంట్లో బాగాలేదు. చేతుల్తో దింపుకోండి" అన్నాడు.

పొద్దు వాలేదాకా పట్టింది. ఒక్కోదాన్నీ పట్టుకుని, ఈడ్చి, మోసి దింపారు. కూలీలు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. నా వల్ల వాటికి ఒరిగిందేమీ లేదు, నాకు తెలుసు. ఒక్క గొర్రె ప్రాణం కూడా నిలబెట్టలేకపోయాను. కానీ అవి మేస్త్రి వెనక నడిచి మాత్రం ఆ లారీలెక్కలేదు.

ఆఖరున తాతని స్ట్రెచరు మీద దింపుతుంటే, ఆగమని సైగ చేసి మేస్త్రి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదపలేదు.

"ఏంటి తాతా, ఇవాళేం చెప్పలేదు?"

"ఇవాళ చెప్పుకోవడానికి ఏముంది?" అన్నాడు, నా చెయ్యి నొక్కి.

ఆయన్ని తీసుకెళ్ళిపోయాక ఖాళీ డెక్కు దాటి వంటగదిలోకి వెళ్ళాను. ఏడుపు ఆగలేదు. మొహం తుడుచుకుందామంటే తలగుడ్డ కూడా లేదు, వాడి కడుపులో ఉంది. మూత తీసి గరిటెతో కొట్టి, "ఒరేయ్ దొంగసచ్చినోడా, రా!" అన్నాను. వచ్చాడు.