కిందికి జారిన పంక్తి

తడిసిన కార్డు వాసన. సిరా, వాన, పోస్టుమాన్ సంచి... మూడూ కలిసిన వాసన.

గేటు దగ్గర నిలబడి మాణిక్యం చేయి చాచింది. రాత చూసింది.

నాన్న రాత.

నాన్న పోయాడని నిన్ననే టెలిగ్రాం వచ్చింది. ఇవాళ నాన్న ఉత్తరం వచ్చింది. అవనిగడ్డ ముద్ర, 1974. రాసిన మర్నాడే ఆయన గుండె ఆగింది.

ఎంత అందమైన రాత! తలకట్లన్నీ గాలికి వరి కంకుల్లా ఒకే వైపుకు ఒరుగుతాయి. వట్రసుడి తోక సాగి సాగి కింది పంక్తిలోకి దిగుతుంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కాదు — బతికున్నప్పుడూ ఆ రాత అంతే. పెళ్లయి పటమట వచ్చాక ఆమె ప్రతి ఉత్తరాన్నీ ముందు చూసేది, తర్వాతే చదివేది.

నాన్నను ఆఖరిసారి చూడనివ్వలేదు. ఐదో నెల కడుపు. శవాన్ని చూడకూడదన్నారు అత్తగారు. భర్త బసవయ్య ఒక్కడే బస్సెక్కాడు. గట్టిగా ఏడవనివ్వలేదు కూడా, బిడ్డకు మంచిది కాదని.

కోపం లేదా? ఉంది. గొంతు దాకా ఉంది.

మీ మేనత్త శేషమ్మ గురువారం కాలం చేసింది — అదీ కార్డులో మొదటి పంక్తి.

మేనత్త కోసం తర్వాత ఏడుస్తుంది.

పోస్టుమాన్ జీవరత్నం ముందే చదివినట్టున్నాడు. చావు కబురండీ అని అత్తగారికి మెల్లగా చెప్పి వెళ్లాడు.

చావు కబురు తెచ్చిన కార్డు గుమ్మం దాటకూడదు. బయటే చదవాలి. బయటే చింపాలి. పైగా కడుపుతో ఉన్న కోడలు...

"చింపెయ్యమ్మా," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. ఆ గొంతులో భయం ఉంది.

మాణిక్యం చదువుతూనే ఉంది. కాదు, చూస్తూనే ఉంది.

మొదటి పంక్తులు తీర్చిదిద్దినట్టున్నాయి. మధ్యకు వచ్చేసరికి అక్షరాలు వణికాయి. ఒకచోట సిరా ముద్దకట్టింది. కలం అక్కడ ఆగిపోయి ఉంటుంది. చివరి పంక్తి కిందికి జారింది.

నేను బాగానే ఉన్నాను. బెంగపడకు.

అబద్ధం, నాన్నా... మాట దాచింది. చెయ్యి దాచలేకపోయింది.

"మాణిక్యం..."

చింపింది. గోటితో మడత పెట్టి, నిదానంగా, అడ్డంగా. పై ముక్క గేటు పక్క కాలవలో పడి కొట్టుకుపోయింది. కింది ముక్క గుప్పిట్లో ఉండిపోయింది. ఒకే ఒక్క పంక్తి.

అత్తగారు చూశారు. చాలాసేపు ఆ గుప్పిటినే చూశారు.

"చింపావుగా. ఇంక అది చావు కబురు కాదులే. కాళ్లు కడుక్కుని లోపలికి రా."

అప్పుడు ఏడ్చింది మాణిక్యం, గట్టిగా. ఆవిడ వద్దనలేదు.

సాయంత్రం అమ్మకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. నాన్న లేని ఇంట్లో అమ్మ. ఏం రాయాలి? ఏం రాస్తే ఆమె ఓ ముద్ద తింటుంది?

నేను బాగానే ఉన్నాను, అని రాసింది.

చూసుకుంది.

పంక్తి కిందికి జారింది. తలకట్లన్నీ ఒకే వైపుకు ఒరిగాయి...

ఆమె రాత ఎప్పుడూ అలా ఉండేది కాదు.