గేటుకి వీపు పెట్టి

లక్ష్మీకాంత్ ఆ పిల్లని గోడవైపు తిప్పి నిలబెట్టాడు.

"శిల్పా!" అని వెనకనించి పిలిచాడు. కదల్లేదు. "ఏయ్ శిల్పా!" కదల్లేదు. బల్లమీది స్టీలు గ్లాసు తీసి గచ్చుమీద పడేశాడు. గుమాస్తా ఉలిక్కిపడి తల తిప్పాడు. పక్కనే ఉన్న ప్రేమదాసూ తిప్పాడు. శిల్ప మాత్రం గోడమీద క్యాలెండరు చూస్తూ నిలబడే ఉంది. పరీక్ష ఇంకా మొదలవలేదనుకుంటోంది పాపం.

"చూశావుగా దాసూ? రేపు లోపల మంటలు లేచి సైరన్ మోగిందనుకో, ఈ పిల్ల చస్తే ఎవడిది పూచీ? నువ్వు మేస్త్రీవి. సాక్షి సంతకం పెట్టు."

ప్రత్తిపాడు అవతల, రోడ్డువారనున్న నూలు మిల్లు అది. లక్ష్మీకాంత్ అందులో మనుషుల్ని తీసుకునే ఆఫీసరు, తీసేసే ఆఫీసరు కూడా. శిల్ప మూడు వారాలు ప్రేమదాసు చేతికిందే పని నేర్చుకుంది. తెగిన పోగు అతకటంలో ఆ పిల్ల వేళ్ళకి సాటి లేదు. ఆ మాట చెప్పాల్సింది. గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ప్రేమదాసు సంతకం పెట్టాడు.

ఎందుకంటే ఆ గ్లాసు చప్పుడు అతనికీ వినపడలేదు. గుమాస్తా తల తిరిగితే చూసి తనూ తిప్పాడు.

ఏడో క్లాసుతో బడి మానేసి ఆ మిల్లు షెడ్డులో అడుగుపెట్టిన మనిషి ప్రేమదాసు. ముప్పై ఏళ్ళుగా యంత్రాల మోత అతని చెవుల్ని కొద్దికొద్దిగా కొరుక్కు తింది. ఆ మోతలో ఎవడి మాటా ఎవడికీ వినపడదు. అక్కడ చేతులే నోళ్ళు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. మీసం మెలేస్తే ఆఫీసరొస్తున్నాడని. కొత్తగా వచ్చినోళ్ళకి ఆ భాష పట్టుబడటానికి ఆర్నెల్లు పడుతుంది. శిల్పకి ఒక్కరోజు పట్టింది. రెండోరోజు జోకులేసింది. ఆఫీసరు నడక చేతులతో చేసి చూపిస్తే, పక్కన పనిచేసే జానీబీ నవ్వలేక నూలు వడికే ఫ్రేము పట్టుకుని నిలబడిపోయింది. ఊళ్ళో చెవిటిదైన పిల్ల ఆ షెడ్డులోకి వస్తే అందరిలాంటి మనిషి అయింది. అక్కణ్ణించే గెంటేశారు.

శిల్ప ఇంటికి పోలేదు. మర్నాడు గేటు దగ్గర కాగితం మీద రాసి పట్టుకు నిలబడింది. "నాకు వినపడదని ముందే రాసిచ్చాను. పని రాదని ఎవరన్నా అన్నారా? ఉద్యోగం లేదన్న మాట రాసివ్వండి." రాసివ్వటానికి లక్ష్మీకాంత్‌కేం పిచ్చా? మూడు రోజులు ఎండలో నిలబెట్టాడు.

మూడోరోజు షిఫ్టు దిగాక యూనియన్ రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. సెక్రటరీ యలమంద మొదట్లోనే అడ్డం తిరిగాడు.

"పిల్ల మీద జాలి నాకూ ఉంది. కానీ మనం గేటు ముందు కూచుంటే, సరే, అందరి చెవులూ పరీక్షిస్తానంటాడు వాడు. అప్పుడు మన బతుకేంటి?"

"అంటే నీకూ వినపడదా అన్నా?" అంది జానీబీ.

"ఆఁ? గట్టిగా చెప్పు!"

గొల్లున నవ్వారు. నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక తలలు దించుకున్నారు. దొంగతనం చేసినోళ్ళలాగా ఎన్నేళ్ళు దాచుకున్నారో ఒక్కసారే బయటపడింది.

ప్రేమదాసు లేచాడు. "సంతకం పెట్టింది నేను. నాకూ వినపడలా. ఆ పిల్లని వెళ్ళగొట్టి నా చెవుడు దాచుకున్నా." చెప్పేసి కూలబడ్డాడు.

జానీబీ ఆ మాటలు గుమ్మం దగ్గరున్న శిల్పకి చేతులతో చెప్పింది. శిల్ప అతని ఎదురుగా వచ్చి చెవి చూపించి, నీక్కూడానా అని అడిగింది. తలూపాడు. మరి సంతకం ఎందుకు అని గాల్లో రాసి అడిగింది. దానికి జవాబు చెప్పే సైగ ముప్పై ఏళ్ళలో అతను నేర్చుకోలేదు.

"కిందటేడు చెత్త దూదికి నిప్పంటుకుంటే సైరన్ ఎవరికి వినపడిందిరా?" అని జానీబీ అరిచింది. "కమురు వాసనొస్తే కదా పరిగెత్తాం! వాడు పరీక్షిస్తే పరీక్షించనీ. మనందర్నీ వెనకనించి పిలవమందాం!"

మర్నాడు పొద్దున షిఫ్టుకొచ్చిన నూట నలభైమంది లోపలికి పోలేదు. గేటుకి వీపు పెట్టి నేలమీద కూచున్నారు.

"పిలవండి సార్," అంది జానీబీ. "వినపడినోళ్ళం చెయ్యెత్తి ఉంచుతాం. అబద్ధమాడం. మా పిల్లలమీద ఒట్టు."

గేటవతల నిలబడి లక్ష్మీకాంత్ నవ్వాడు. చెవిటోళ్ళ జాబితా వాళ్ళే చేతికిస్తుంటే ఎవడు కాదంటాడు? హాజరు పుస్తకం తెప్పించి పేర్లు చదవటం మొదలెట్టాడు.

ప్రేమదాసు ఎదురుగా మిరపచేలు. ఎర్రగా పండి ఉన్నాయి, కూలీలు వంగి కోస్తున్నారు. తన పేరు కోసం కాసుకు కూచున్నాడు. పిలిచారో లేదో తెలీదు. అక్కడొక చెయ్యి లేచింది. చాలాసేపటికి ఇంకో చెయ్యి. మధ్యలో లేవని చేతులెన్నో.

వాళ్ళకెదురుగా, గేటువైపు మొహం పెట్టి నిలబడింది శిల్ప ఒక్కతే. లక్ష్మీకాంత్ పెదాలు చదవగలదు. ఒక్క సైగ చేస్తే చాలు, చేతులన్నీ లేస్తాయి. ఆ పిల్ల తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. ఒక క్షణాన ప్రేమదాసు వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తన పేరు పిలిచారని అతనికి అలా తెలిసింది.

చదవటం అయిపోయింది. లేచిన చేతులు నలభై కూడా లేవు.

"చెయ్యెత్తనోళ్ళు రేపట్నించి రానక్కర్లేదు," అన్నాడు లక్ష్మీకాంత్. వినపడినోళ్ళు పక్కవాళ్ళకి సైగలతో చెప్పారు. పాతికేళ్ళ కుర్రాడొకడు ఎత్తిన తన చేతివంక చూసుకుని దించేశాడు. "ఇన్ని చెవులు తిన్నావేంట్రా," అన్నాడు వెనకనున్న మిల్లుతో. అతన్ని చూసి ఇంకొకరు దించారు. కాసేపటికి ఒక్క చెయ్యీ పైన లేదు. ఒక్క మనిషీ లేవలేదు.

మధ్యాన్నానికి పోలీసు వ్యానొచ్చింది. ఎస్సై మొదట ప్రేమదాసుని, జానీబీని అందులోకి ఈడ్చాడు. శిల్ప ఎవరూ పట్టుకోకుండానే వ్యానెక్కింది. ఆడ కానిస్టేబులు దిగమంటే వినపడనట్టు కూచుంది.

వ్యాను గడగడలాడుతోంది. కిటికీ జాలీ బయట నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఏమంటున్నారో ప్రేమదాసుకి తెలీదు. శిల్ప జాలీకి మొహం ఆనించి చూసి ఇటు తిరిగింది. రెండో షిఫ్టు బస్సొచ్చిందని చేతులతో చెప్పింది. దిగారట. ఎవరూ లోపలికి పోలేదట. కూచున్నారట.

ఎంతమంది అని అడిగాడతను.

పదివేళ్ళూ చూపించింది, మళ్ళీ పది, మళ్ళీ పది. తర్వాత లెక్క ఆపి రెండు చేతులూ బార చాపింది.

ప్రేమదాసు మొహం కప్పుకున్నాడు. లోలోపలే ఏడుస్తున్నాననుకున్నాడు. ముందు సీట్లో కానిస్టేబులు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.