సున్నం దాచుకున్న ఆకు

నేను ఒక పైన్ ఆకుని. అరకు దారిలో బస్సు దిగినవాళ్ళంతా నన్ను చూసి సరుగుడు అంటారు. అననివ్వండి, నా పేరుతో వాళ్ళకేం పని! ముగ్గురం ఒకే కుచ్చులో సూదుల్లా పుట్టాం. మా ఒంట్లో కంటికి కనబడని గదులున్నాయి. వేళ్ళు తోడిచ్చే నీళ్ళలో వచ్చిన సున్నాన్ని ఆ గదుల్లో ఉప్పు పలుకుల్లా గట్టిపరిచి దాచుకుంటాం.

ఆ సంగతి పట్టించుకున్న మనిషి హైమావతి ఒక్కతే. విశాఖపట్నంలో ఏదో కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఏ కాలంలో ఎంత దాస్తామో, ఎప్పుడు కరిగించి వాడుకుంటామో తేల్చాలట. అందుకు ఒకే కుచ్చులో పుట్టిన ముగ్గురినీ మూడు కాలాల్లో కోసి చూడాలి. గుర్తుకి మా కొమ్మకి ఎర్రదారం కట్టింది. చలిలో పెద్దన్నని కత్తిరించుకుపోయింది, ఎండల్లో చిన్నన్నని. నన్ను వేలితో నిమిరి, "వానల్లో నీకోసం వస్తాను. నువ్వు లేకపోతే వాళ్ళిద్దర్నీ కోసిందంతా వృథాయే" అంది. అంత మాట నాతో ఎవరన్నారు? పక్కన అన్నలు లేరు, ఒక్కణ్ణే. ఆ మాటే పట్టుకుని వేలాడాను.

మనుషులున్నారే, చెట్టుకి దారం కనబడితే ఊరుకోలేరు! కింద పొత్తులు కాల్చి అమ్మే సుక్రి దాన్ని మొక్కుదారం అనుకుంది. మనవరాలి జ్వరం తగ్గాలని పక్కనే ఇంకోటి కట్టింది. జ్వరం తగ్గింది. ఇంకేముంది! బస్సు దిగినవాళ్ళంతా అలాంటి ఎర్రదారాలే కట్టడం. ఉద్యోగాలకి, పెళ్ళిళ్ళకి, పరీక్షలకి. కొమ్మలు లాగి లాగి కుచ్చులన్నీ చితక్కొట్టారు. నాలా ఒంటరైన సూదులు చెట్టు నిండా మిగిలాయి.

వానల్లో హైమావతి వచ్చింది. వచ్చి అలా నిలబడిపోయింది.

"అయ్యో! నా దారం ఏదీ?"

"నీదేనా తల్లీ అది! ఎంత మహిమున్న దారమో!" అంది సుక్రి సంబరంగా.

హైమావతి కొమ్మ కొమ్మా వెతికింది. తడిచేత్తో నన్నూ తాకింది. ఇక్కడే ఉన్నానమ్మా అని ఎంత గింజుకున్నానో! చెయ్యి నన్ను దాటిపోయింది. చివరికి కూలబడి ఏడ్చింది.

సుక్రికి ఏమర్థమైందో ఏమో, ఓ దారప్పోగు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "నువ్వూ ఒకటి కట్టు తల్లీ. పోయింది దొరుకుతాది."

హైమావతి కళ్ళు తుడుచుకుని, నవ్వలేక నవ్వి, కట్టింది. ఎక్కడనుకున్నారు? సరిగ్గా నా తలమీద. కట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు పండి, రాలి, చెట్టు కింద పడున్నాను. రాలిపోయే ముందు చెట్టు తనక్కావలసినవి నాలోంచి వెనక్కి లాక్కుంది. సున్నం మాత్రం నాకే వదిలేసింది. ఆవిడ వెతికిన జవాబు నా ఒంట్లో అలాగే ఉంది. పైన ఆవిడ దారం గాలికి ఊగుతోంది. దాని పక్కన తమ దారం కట్టుకోవడానికి జనం నన్ను తొక్కుకుంటూ వస్తున్నారు.