రఘునాథ్ తిన్న నిమిషంన్నర

రఘునాథ్ తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాడు. రేడియో ఉద్యోగం నుంచి రిటైరై పద్దెనిమిదేళ్ళయినా ఆ అలవాటు మానలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాడు, చన్నీళ్ళ స్నానం చేస్తాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని ముందుగదిలో కూర్చొని పేపరు మొదటి పేజీ గట్టిగా చదువుతాడు. వినేవాళ్ళు ఎవరూ ఉండరు. లేరు కదా అని ఒక్క అక్షరం కూడా మింగెయ్యడు. డెబ్బై ఆరేళ్ళ వయసులోనూ ఆయన నోట్లో ఒత్తు ఒత్తుగానే పలుకుతుంది.

ఆరు దాటాక వీధికి ఆయనతో పని పడుతుంది. ఆరోజు ముందుగా ఆటో తోలే ఏకాంబరం వచ్చాడు.

"సార్, బండి నిలిచిపోయిండాది. ఒక్క మాట చెప్పండి సార్."

"పెట్రోలు పోశావా?"

"పోసినాను సార్. మీ కాడ అబద్ధం చెప్తానా?"

"పోయిన నెల చెప్పావు."

ఏకాంబరం తల గోక్కున్నాడు. రఘునాథ్ గేటు దగ్గరికొచ్చి, నిటారుగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"ప్రసారంలో కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం. కార్యక్రమం కొనసాగుతుంది."

ఆటో గుర్రుమని లేచింది. ఏకాంబరం దండం పెట్టి తిరుచానూరు వైపు వెళ్ళిపోయాడు.

ఆయన ఆ మాట చెబితే ఆగిపోయింది మళ్ళీ సాగుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ సంగతి తెలిసింది. ట్రాన్స్‌మిటర్ మొరాయిస్తే ఇంజనీర్లు పనిముట్ల పెట్టె కంటే ముందు ఆయన్ను పిలిచేవాళ్ళు. ఇప్పుడు బోరు మోటార్లకు, కుట్టు మిషన్లకు పిలుస్తారు. ఒకసారి పెళ్ళిలో అలిగి వాయించడం ఆపేసిన మేళగాళ్ళకు కూడా పిలిచారు.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆయన గొంతు ఇళ్ళలోకి వెళ్ళింది. పులికాట్ ఒడ్డున పడవలు తోసేవాళ్ళూ, పలమనేరు కొండల్లో పాలు పితికేవాళ్ళూ ఆ గొంతు విని పొద్దు తెలుసుకునేవాళ్ళు. శ్రోతల కార్డులు గోనెసంచుల్లో వచ్చేవి. ఆయన ఏనాడూ స్టూడియోకు ఆలస్యంగా వెళ్ళలేదు. కార్యక్రమం అరనిమిషం అటూ ఇటూ కానివ్వడని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. మంచి పేరును అంతగా ప్రేమించే మనిషి దాన్ని కాపాడుకోవడానికి ఎంతకైనా దిగుతాడు. ఆయనా ఒకసారి దిగాడు.

ఎనిమిది గంటలకు ముప్పై ఏళ్ళ మనిషి ఒకామె గేటు తెరుచుకొని వచ్చింది.

"నా పేరు నిస్సీ సార్. మాది పలమనేరు పక్కన పల్లె. మాయమ్మ ప్రసన్నకుమారి."

"ఏ ప్రసన్నకుమారి?"

"ఎనభై ఏడులో మీ రైతుల కార్యక్రమంలో నాట్ల పాట పాడింది. సగంలో నిలిపేసినారు."

రఘునాథ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

నిస్సీ నిలబడే చెప్పింది. తల్లి గొంతులో గడ్డ లేచింది. ఇక్కడే తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చారు. కోసి తీస్తే ప్రాణం నిలుస్తుంది, మాట పోతుంది. తియ్యకపోతే మనిషే పోతుంది.

"రెండుసార్లు మంచం దిగి ఇంటికొచ్చేసింది సార్. పాట సగంలో పెట్టుకోని కత్తి కింద పండుకోనంటాది. ఈ పొద్దు సాయంత్రం లోపల ఆపరేషన్ కాయితం మీద సంతకం పెట్టకుంటే ఇంగ మేం చెయ్యలేమని డాక్టరు చెప్పేసినాడు."

"ఇంట్లోనే పాడుకోవచ్చు కదమ్మా."

"రాదు సార్. ఆ పొద్దు మీరు యాడ నిలిపినారో ఆడికి వచ్చి నిలిచిపోతాది. మా కాడ నాట్లప్పుడు పాట ఆఖరి మాట వింటేనే ఆడోళ్ళు నడుము ఎత్తేది. అంతవరకూ ఒంగే ఉండాల. మాయమ్మ ముప్పై ఎనిమిదేండ్లుగా ఒంగే ఉండాది సార్."

"ఆమె సమయం మించి పాడింది," అన్నాడు రఘునాథ్. "స్టేషన్ లాగ్ బుక్కులో రాసి ఉంది."

"ఎవురు రాసినారు సార్?"

ఆయన మడిచి పెట్టిన పేపరును తీసి మళ్ళీ మడిచాడు.

"నేనే," అన్నాడు చివరికి.

ఆరోజు జరిగింది ఇది. ప్రసన్నకుమారికి పద్నాలుగు నిమిషాలు ఇచ్చారు. ఆమెను పరిచయం చెయ్యడానికి రఘునాథ్‌కు ఒక్క నిమిషం. వరిని గురించి, వానను గురించి మాటలు దొర్లిపోతుంటే తన గొంతు తనకే ముద్దుగా ఉండి ఆయన రెండున్నర నిమిషాలు మాట్లాడాడు. ఢిల్లీ వార్తలు మాత్రం తమ వేళకు తాము వస్తాయి. ఆ పిల్ల కళ్ళు మూసుకొని పాడుతుండగా ఆయన మీట తిప్పేశాడు. అంతరాయానికి చింతిస్తున్నాం అనలేదు. అంటే అంతరాయం జరిగినట్టు ఒప్పుకోవాలి. 'కళాకారిణి సమయం మించి పాడింది' అని పుస్తకంలో రాసి సంతకం చేశాడు. ఆ ఒక్క వాక్యం చూసి ఆమెను మళ్ళీ ఎవరూ పిలవలేదు.

"పద," అన్నాడు రఘునాథ్, చెప్పులు వేసుకుంటూ.

ఆడవాళ్ళ వార్డులో ఎనిమిది మంచాలు. ప్రసన్నకుమారి కిటికీ పక్కన దిండుకు ఆనుకొని ఉంది. మెడ ఒక వైపు ఉబ్బింది. రఘునాథ్ దగ్గరికెళ్ళి తన పేరు చెప్పుకున్నాడు. ఆమె గొంతు బొంగురు.

"వచ్చినావా సార్," అంది. "నువ్వు ముసిలోడివయినావు గానీ నీ గొంతుకు ఒక్క వెంట్రుక నెరవలేదే."

పక్క మంచంలో సుబ్బులమ్మ అనే పెద్దామె లేచి కూర్చుంది. "రేడియో సారా! మా ఎద్దులకు గూడా మీ గొంతు తెలుసు సార్. మీరు మొదులుపెడితే అవే ఇంటి దావ పట్టేవి."

వార్డంతా నవ్వింది. ఇద్దరు నర్సులు వచ్చి నిలబడ్డారు. ఆ మర్యాద ఆయనకు హాయిగా తగిలింది. ఆ హాయిలోనే పాత నాలుక పాత దారి పట్టింది.

"సాంకేతిక కారణాల వల్ల ప్రసారంలో కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం. కార్యక్రమం కొనసాగుతుంది."

ప్రసన్నకుమారి కళ్ళు మూసుకొని ఎత్తుకుంది.

"నారు మడిలోన నా ఈడు పిల్లా,
నీరు తాగినావా, నిదర లేచినావా?
తూరుపు మబ్బు తోడొచ్చెనంటే..."

అక్కడ పాట ఆగింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. నిస్సీ తల దించుకుంది.

ఆయన మాట వట్టిపోవడం అదే మొదటిసారి. ట్రాన్స్‌మిటర్లకూ ఆటోలకూ పనిచేసిన మాట ఇక్కడ ఎందుకు పనిచెయ్యలేదో ఆయన్ను ఎవరూ అడగలేదు. అడగనక్కరలేదు. అందులో అబద్ధం ఉంది.

"ఏం కారణాలు సార్ అవి?" అంది ప్రసన్నకుమారి కళ్ళు తెరిచి. "మిషన్ చెడిపోయిందా ఆ పొద్దు?"

ఇంటికి పోవచ్చు. ఎవరూ పట్టి ఆపరు. రఘునాథ్ మంచం కాళ్ళ వైపుకు జరిగి, వార్డులో అందరికీ కనబడేటట్టు నిలబడ్డాడు.

"మిషన్ బాగానే ఉంది. ఈమె తన సమయంలోనే పాడింది. ఈమె నిమిషంన్నర నేను తినేశాను, నా గొంతు మీద మోజుతో. తర్వాత తప్పు ఈమెదని పుస్తకంలో రాశాను. ఆ రాత వల్ల ఈమెకు మళ్ళీ పిలుపు రాలేదు. నేను మాత్రం ఇరవై ఏళ్ళు మంచి పేరుతో జీతం తీసుకున్నాను. ఇది నిజం. పుస్తకం ఇంకా ఉంటే దిద్దమని ఈరోజే స్టేషన్‌కు ఉత్తరం రాస్తాను."

సుబ్బులమ్మ ముఖం తిప్పుకుంది. నర్సుల నవ్వు పోయింది. ఆయన అది చూశాడు, చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"ప్రసారంలో కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం. కార్యక్రమం కొనసాగుతుంది."

ప్రసన్నకుమారి ఈసారి మొదటినుంచి ఎత్తుకోలేదు. ఆగినచోటే పట్టుకుంది.

"పాతిక మళ్ళు పచ్చంగ నవ్వు,
పచ్చంగ నవ్వితే పస్తుండదమ్మా..."

బొంగురు పోలేదు. గడ్డ కరగలేదు. ఆ బొంగురు గొంతుతోనే, దగ్గు వచ్చిన చోట దగ్గి, మళ్ళీ అందుకొని పాడింది. ఎవరూ తొందర పెట్టలేదు. నిస్సీ తల్లి పాదం పట్టుకొని కూర్చుంది. రఘునాథ్ చేతులు కట్టుకొని నిలబడే విన్నాడు.

"నాటింది చాలు, నాతోటి పిల్లా,
గట్టెక్కి ఒకసారి నడుమెత్తుకోవమ్మా."

పాట అయిపోయింది. ప్రసన్నకుమారి ఇంకేమైనా మిగిలిందేమోనని కాసేపు నోరు కదిలించి చూసుకుంది. ఏమీ మిగల్లేదు. దిండు పక్కకు నెట్టేసి కూతురి వైపు చెయ్యి చాపింది.

"తే మే, ఆ కాయితం."