పెనుకొండ ఎక్కిన అత్తాకోడళ్లు

రెండోసారి కూడా కడుపు నిలవకపోయేసరికి, చౌడేశ్వరిని ఆమె అత్త తిప్పమ్మ ఏ పనీ ముట్టుకోనివ్వడం మానేసింది. అది తొంభై ఏడో సంవత్సరం. హిందూపురంలో పరిగి రోడ్డుకు ఆనుకున్న సందులో వాళ్ల ఇల్లు. కొడుకు చంద్రమోహన్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. అంతదాకా ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే.

తిప్పమ్మ చెడ్డమనిషి కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. సాధించే అత్తయితే ఎదురు మాట్లాడొచ్చు. ఈమె కోడలి చేతిలో బిందె కనిపిస్తే లాక్కునేది, పొరక కనిపిస్తే లాక్కునేది. "నువ్వు కూచో పాపా, నేనుండాను గదా" అనేది. వీధి చివర అంగడికి పోతానన్నా చెప్పులేసుకుని వెంట బయలుదేరేది. పెళ్లికి ముందు చౌడేశ్వరి మడకశిర పక్క పల్లెలో నాయనతో సమానంగా చేలో వంగి చెనక్కాయ పీకిన మనిషి. అట్లాంటిది అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్లను చూడటమే పనైపోయింది. కూచుని కూచుని ఒళ్లు బరువెక్కింది. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడేది. తన ఒంటి మీద తనకే నమ్మకం పోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతా పరీక్ష చేసి, ఏ లోపమూ లేదు, అందరిలాగే తిరగొచ్చు, పని చేసుకోవచ్చు అని చెప్పింది. తిప్పమ్మ తలూపింది కానీ నమ్మలేదు. మందులు తీసుకోవడానికి ఆమె కిటికీ దగ్గర వరుసలో నిలబడినప్పుడు, అక్కడి నర్సు ఎస్తేరమ్మ చౌడేశ్వరి పక్కన వచ్చి కూచుంది.

"ఏంమా, ఇంట్లో ఏం చేస్తాంటావు దినమంతా?"

"ఏం చెయ్యను సిస్టర్. చెయ్యనియ్యరు."

ఎస్తేరమ్మ ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "నెలకొక ఆదివారం మేం కొండలెక్కుతాము. వస్తావా?" అంది.

పోస్టాఫీసులో పనిచేసే జయప్రకాష్ అనే ఆయన, కొందరు స్నేహితులూ కలిసి పెట్టుకున్న సంఘమది. కొండబాట మిత్రబృందం అని పేరు. చుట్టుపక్కల కొండల్లో ఏదో ఒకటి ఎంచుకుని, ఎవరొస్తే వాళ్లను వెంటబెట్టుకుని ఎక్కించి, బాట చూపించి, భద్రంగా దించి తీసుకొచ్చేవాళ్లు. రుసుమేమీ లేదు. రైలు టిక్కెట్టూ, తిండీ ఎవరివి వాళ్లు చూసుకుంటే చాలు. ఆడవాళ్లలో అప్పటికి ఎస్తేరమ్మ ఒక్కతే వెళ్తూ ఉండేది.

ఆ సాయంత్రం మాట వినగానే తిప్పమ్మ చేటలో బియ్యం అట్లే వదిలేసింది.

"ఊరికే తిప్పుతారా? ఊరికే ఎవురు తిప్పుతారబ్బా ఈ కాలంలో? దాంట్లో ఏందో ఉండాది."

"ఏం లేదు మా" అన్నాడు చంద్రమోహన్ చేతుల గ్రీసు కడుక్కుంటూ. "ఆ సార్‌కు కొండలంటే పిచ్చి. తోడొచ్చేవాళ్లుంటే చాలాయనకి."

"పిచ్చోడెంట నా కోడల్ని పంపల్లా?"

"నేను పోతా అత్తా" అంది చౌడేశ్వరి.

గొంతు పెద్దదేమీ కాదు. కానీ ఆ ఇంట్లో కాలు పెట్టింది మొదలు ఆమె నోట అట్లాంటి మాట రాలేదు. తల్లీ కొడుకూ ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. తిప్పమ్మ చేట పక్కన పెట్టింది.

"అట్లయితే నేనూ వస్తా. నన్నూ తీసకపోతామంటే పో. లేదంటే ఆ మాటెత్తద్దు."

అరవైకి దగ్గరపడిన, మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఎవరు తీసుకుపోతారులే అని ఆమె ధైర్యం. రెండు రోజుల తర్వాత జయప్రకాష్ సైకిల్ మీద ఇంటికే వచ్చాడు. సన్నగా, ఎండకు నల్లబడిన మనిషి. అరుగు మీదే కూచుని మజ్జిగ తాగాడు.

"తప్పకుండా రాండి పెద్దమ్మా. మాదాంట్లో ఉండేది ఒకటే కట్టుబాటు. అందరికన్నా నిదానంగా నడిచేవాళ్లు ఎవురో, వాళ్లెంటే మేమందరమూ నడుస్తాం. ఎవుర్నీ ఇడ్సిపెట్టి పోము."

తన మాటలో తానే చిక్కుపడింది తిప్పమ్మ. ఇంక కాదనడానికి వీల్లేకపోయింది.

ఆ నెల ఎక్కాల్సింది పెనుకొండ. ఆదివారం పొద్దున ప్యాసింజరులో బయలుదేరారు. తిప్పమ్మ ఒళ్లో బొరుగుల మూట, చిత్రాన్నం గిన్నె, నీళ్ల సీసాలు. కోడలి చేతికి ఒక్కటీ ఇవ్వలేదు. పెనుకొండలో దిగి, ఊళ్లోకి వచ్చి, పాత రాజుల గగనమహల్ పక్కనుంచి కొండ మొదటికి చేరుకున్నారు. తల వెనక్కి వాల్చి పైకి చూసి తిప్పమ్మ, "దేవుడా, ఇదేంది ఆకాశానికి ఆనుకోనుండాది" అంది.

రాత్రి వాన పడి వెలిసింది. గడ్డి తడిగా ఉంది. బాట పక్క సీతాఫలం పొదలు ముసురుకున్నాయి. మొదటి మలుపు కూడా తిరగకముందే చౌడేశ్వరికి ఆయాసం వచ్చింది. ఆగింది. వెంటనే తిప్పమ్మ చెయ్యి పట్టుకుంది.

"చాలు పాపా. చూసినాం గదా. దిగుదాం పా."

ఎస్తేరమ్మ అడ్డుపడింది. "ఉండు పెద్దమ్మా. ఊపిరి పీల్చుకోనీ. చౌడేశ్వరీ, ముక్కుతో పీల్చు. తొందరొద్దు. ఒక అడుగు, ఒక ఊపిరి."

అలాగే చేసింది. అడుగు, ఊపిరి. అడుగు, ఊపిరి. కాసేపటికి దడ తగ్గింది. ఇంకాసేపటికి కాళ్లు తమంతట తామే బాట వెతుక్కోసాగాయి. ఏ రాయి మీద అడుగేస్తే కదులుతుందో, ఏది కదలదో పాదాలకు ముందే తెలుస్తున్నట్టుంది. చిన్నప్పుడు గొర్రెల వెనక గుట్టల మీద తిరిగిన కాళ్లవి. అవి ఏమీ మరిచిపోలేదు. చౌడేశ్వరికి చెమట పట్టింది, చెంపలు వేడెక్కాయి, ఎందుకో నవ్వొచ్చింది. అత్త చేతిలోంచి మూట తీసుకుని తన భుజానికి వేసుకుంది. తిప్పమ్మ ఏదో అనబోయింది కానీ ఆమెకు అప్పటికి మాట్లాడేంత ఊపిరి లేదు.

బృందంలో వెనక నడుస్తున్న బట్టల కొట్టు ప్రేమ్ కుమార్ పక్కవాడితో గొణిగాడు. "ఈయమ్మలతో పోతే పైకి చేరేలోగా మధ్యాన్నమయితాది."

"అయితే కానీలే" అన్నాడు జయప్రకాష్ తిరిగి చూడకుండానే.

కోట గోడ దాటి పైకి పోయాక పెద్ద బండ వచ్చింది. ఏటవాలుగా, నున్నగా ఉంది. పాదం ఆనడానికి ఎప్పుడో చెక్కిన గంట్లు అరిగిపోయి ఉన్నాయి. ఒక పక్క గుండ్లు, రెండో పక్క లోయ. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ఎస్తేరమ్మ ఎక్కింది. చౌడేశ్వరి చేతులు ఆనించి, వంగి, ఆగకుండా ఎక్కేసింది. తిప్పమ్మ సగం దాకా వచ్చింది. అక్కడ గాలి కొట్టింది. పక్కకు చూడొద్దని జయప్రకాష్ చెప్పినా చూసింది. కింద చెరువు చిప్పంత కనిపించింది.

తిప్పమ్మ కూలబడి, రెండు చేతులతో బండను కరుచుకుంది.

"నన్ను ఈడ్నే ఇడ్సిపెట్టండి. నాకు కాదు. పైకీ కాదు, కిందికీ కాదు."

జయప్రకాష్ కిందికి దిగి చెయ్యి చాచాడు. ఆమె పట్టుకోలేదు. చేతులు బండను వదిలితేనే కదా పట్టుకునేది. ప్రేమ్ కుమార్ తాడు తెస్తానన్నాడు. ఇంకొకాయన అందరం దిగిపోదామన్నాడు. పడమటి దిక్కున మబ్బు నల్లగా లేస్తోంది. మళ్లీ వాన పడితే ఆ బండ మీద ఎవ్వరూ నిలబడలేరు.

చౌడేశ్వరి మూట దించి, చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుంది. ఎవరినీ అడగలేదు. వెనక్కి తిరిగి, గంట్లు పట్టుకుని మెల్లగా దిగింది. అత్త పక్కనుంచి ఇంకా కిందికి పోయి, ఆమె పాదాల కింద నిలబడి, తన పాదాలు రెండు గంట్లలో గట్టిగా నాటుకుంది.

"అత్తా. నా భుజమ్మీద కాలు పెట్టు."

"ఏందీ?"

"నా భుజమ్మీద కాలు పెట్టి పైకి లెయ్యి. ఆపక్క గంటు చేతికందుతాది."

తిప్పమ్మకు ఏడుపొచ్చింది. "నీ మింద నా బరువెయ్యల్లా? నాతో కాదు పాపా. నీకేమన్నా అయితే నేనేం జేసేది? రెండుసార్లు చూసినా. మూడోసారి చూల్లేను."

ఆ మాట చౌడేశ్వరి మొదటిసారి విన్నది. ఇన్నాళ్లూ అత్త తనను చేతకానిదాని కింద జమకట్టిందనుకుంది. ఆ రెండుసార్లూ ఆసుపత్రి వరండాలో ఒంటరిగా కూచున్నది ఈ మనిషేనని, ఆ భయం ఇప్పటికీ ఆమెను వదల్లేదని అప్పుడు తెలిసింది. కోపమంతా ఎటో పోయింది.

"అత్తా, అది నీ తప్పూ గాదు, నా తప్పూ గాదు. నేను పచ్చికుండను గాను, నువ్వు కాలు పెడ్తే పగిలేదానికి. పెట్టు. నేను పట్టుకోనుండా."

తిప్పమ్మ ఒక చేతిని వదిలింది. తర్వాత కుడికాలు మెల్లగా దించి, కోడలి భుజమ్మీద ఆనించింది. మొదట ఆనీ ఆననట్టు, తర్వాత నిండుగా బరువంతా వేసింది. చౌడేశ్వరి పళ్లు బిగబట్టింది. ఆమె పాదాలు గంట్లలోంచి వెంట్రుకవాసి కదల్లేదు. తిప్పమ్మ లేచింది, పైగంటు అందుకుంది, ఇంకోటి అందుకుంది. పైనుంచి ఎస్తేరమ్మ జబ్బ పట్టుకుంది. ప్రేమ్ కుమార్ రెండో జబ్బ పట్టుకున్నాడు. ఈసారి ఆమె కాదనలేదు.

ఆమె పైకి చేరగానే అందరూ కేకలేశారు. ఆ వెనకే చౌడేశ్వరి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి వచ్చింది. భుజమ్మీద అత్త పాదం మట్టి అట్లే అంటుకుని ఉంది.

అక్కణ్ణుంచి శిఖరం దూరం లేదు. చినుకులు మొదలయ్యేలోగా చేరుకున్నారు. మబ్బు ఏమనుకుందో ఉత్తరానికి తిరిగి పోయింది. నాలుగు దిక్కులూ తేటపడ్డాయి. చెనక్కాయ చేలు, చెరువులు, నల్లదారంలాగా రైలుపట్టా, చీమలబారు లాగా లారీలు. తిప్పమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కొప్పు ఊడి జుట్టు గాలికి ఎగురుతోంది.

"హిందూపురం యాడుండాదప్పా?"

జయప్రకాష్ దక్షిణానికి వేలు చూపించాడు. ఆమె ఆ వైపు తిరిగి, గొంతు చించుకుని కొడుకును పిలిచింది.

"ఒరేయ్ చంద్రా! మేం పైనుండాము రా!"

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వింది. చిత్రాన్నం గిన్నె తెరిచి, మొదటి ముద్ద కోడలికి కాకుండా ప్రేమ్ కుమార్‌కు పెట్టింది. "తిను నాయనా. మధ్యాన్నమయిపాయె గదా" అంది. అతను సిగ్గుపడి తలొంచుకుని తిన్నాడు.

ఆ తర్వాత అత్తాకోడళ్లు ఏ నెలా మానలేదు. చౌడేశ్వరి ఒళ్లు గట్టిపడింది. రత్నగిరి, మడకశిర కొండ, గుట్టూరు పక్క గుట్టలు, అన్నీ తిరిగింది. వీధిలో ఎవరో ఒకరోజు, బిడ్డాపాపా లేని కోడలు కొండలెంబడి తిరిగితే ఎట్లా తిప్పమ్మా అని ఎత్తిపొడిచారు. "నా కోడలు కొండెక్కుతాది. నీ కోడలెక్కుతాదా?" అంది తిప్పమ్మ. ఆ మాట మళ్లీ ఆ వీధిలో ఎవరూ ఎత్తలేదు.

రెండువేల ఒకటిలో జయప్రకాష్‌కు అనంతపురం బదిలీ అయ్యింది. ముందు నడిచేదెవరని అందరూ కూచుని మాట్లాడుకున్నప్పుడు, ప్రేమ్ కుమారే నోరు తెరిచాడు. "చౌడేశ్వరక్క ఉండగా ఇంకెవురు?" ఆమె కాదనబోయి, అత్త వైపు చూసి, సరేనంది.

ఆమె నడిపించిన మొదటి గుంపు ధర్మవరం నుంచి వచ్చింది. పట్టుచీరలు నేసే ఇళ్ల ఆడవాళ్లు. నాగక్క అనే ఆమె కూడగట్టుకుని తెచ్చింది. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూచునే మనుషులు. కొందరికి అంత దూరం వచ్చి కొండ చూడటమే మొదటిసారి. రైలు దిగిందగ్గర్నుంచీ భయపడుతూనే ఉన్నారు.

పెద్దబండ దాటేదాకా అంతా బాగానే జరిగింది. దాటాక మంచు కమ్మింది. పదడుగుల అవతల మనిషి మసకగా కూడా కనిపించలేదు. "ఎనక్కి తిరుక్కుందామా అక్కా?" అన్నాడు ప్రేమ్ కుమార్ చెవి దగ్గర. గుంపులో ఒకామె ఏడుపు మొదలుపెట్టింది.

చౌడేశ్వరికి బాట తెలుసు. కళ్లు మూసుకుని పోగలదు. కానీ తనొక్కతే పోవడం కాదు కదా. గొంతెత్తి, "అందరూ ఉన్నకాడ్నే కూచోండి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి. మంచు లేసేదాకా యాడికీ పోము" అంది. తానూ కూచుంది. మూట విప్పి బొరుగులు పంచమని తిప్పమ్మకు చెప్పింది. అందరికీ భయం పోవాలని, మడకశిర పెళ్లిళ్లలో పాడే కన్నడ పాట ఒకటి అందుకుంది. నాగక్క కన్నడ రాకపోయినా గొంతు కలిపింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు కలిపారు. ఏడ్చినామె కూడా ముక్కు తుడుచుకుని చప్పట్లు కొట్టింది.

పాట మీద పాట పాడేసరికి ఎండ తగిలి మంచు లేచింది. శిఖరం తలమీదే ఉన్నట్టు కనిపించింది. ఆడవాళ్లు ఆగలేదు. కొంగులు బిగించి, ఒకరినొకరు లాక్కుంటూ పైకి ఉరికారు. చౌడేశ్వరి అందరికన్నా వెనక, నిదానంగా వస్తున్న ధర్మవరం పెద్దావిడ ఒకామె పక్కనే నడిచింది. పైకి చేరినవాళ్లు ధర్మవరం దిక్కుకు తిరిగి, ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టి అరుస్తున్నారు. ఆ కేకలు గుండ్లకు తగిలి మళ్లీ వస్తున్నాయి.

పెద్దావిడను ముందు ఎక్కించింది.

"అందరూ వచ్చినట్టేనా?" అని కిందినుంచే అడిగింది చౌడేశ్వరి.

"నువ్వొక్కదానివే మిగిల్నావక్కా. రా!" అంది నాగక్క.

చౌడేశ్వరి ఒక్క ఊపున పైకెక్కింది.